పల్లాస్ ఇనుము, రాతి-ఇనుప ఉల్కలు: తరచుగా అడిగే ప్రశ్నలు

సైబీరియాలో 1749లో బయటపడ్డ పల్లాస్ ఇనుము అనే ఉల్క ముద్ద గురించి మాట్లాడిన ప్రతిసారీ అవే సందేహాలు తిరిగి వస్తుంటాయి. ఎవరికి దొరికింది, లోపల మెరిసేవి గాజు ముక్కలా, రాయీ ఇనుమూ ఎలా కలిశాయి, మా ఇంట్లో ఉన్న నల్లరాయి కూడా అదేనా? జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. దేనికది విడిగా చదువుకోవచ్చు, వరస పాటించక్కర్లేదు.

## దొరకడం

రాతి-ఇనుప ఉల్క అంటే సగం రాయి, సగం ఇనుమా?

స్థూలంగా అంతే. ఆకాశం నుంచి నేలకు చేరిన ఉల్కల్ని మూడు రకాలుగా చెబుతారు: రాతివి, ఇనుపవి, రెండూ కలిసినవి. మూడో రకం చాలా అరుదు. పడుతుండగా చూసి, తర్వాత ఏరిన ఉల్కల్లో ఇవి నూటికి ఒకటి ఉంటాయి. సగం-సగం అన్నామని ఒక పక్క రాయి, ఇంకో పక్క ఇనుము అనుకోకండి. పల్లసైట్ అనే రకంలో ఇనుము తేనెపట్టులా అల్లుకుని ఉంటుంది, దాని గదుల్లో ఆలివిన్ అనే ఖనిజపు గింజలు కూర్చుని ఉంటాయి. మీసోసిడరైట్ అనే రెండో రకంలో రాతి తునకలూ లోహపు తునకలూ నలిగి కలగాపులగంగా ఉంటాయి.

మొట్టమొదటి పల్లసైట్ ఎవరికి దొరికింది?

యాకోవ్ మెద్వెదేవ్ అనే కమ్మరికి. కొసాక్కు, యెనిసెయ్ నది దగ్గరి ఊబెయ్‌స్క్ అనే ఊరివాడు. 1749లో యోహాన్ మెట్టిక్ అనే గనుల అధికారి ఇనుప ఖనిజం కోసం క్రాస్నోయార్స్క్ పట్టణానికి దక్షిణంగా ఉన్న కొండల్లో తిరిగాడు. ఆ కొండలు ఊబెయ్, సిసిమ్ అనే రెండు నదుల మధ్య ఉన్నాయి. ఖనిజపు పొర చూపించడానికి మెద్వెదేవ్ తోడు వెళ్ళాడు. కొండ పైభాగంలో, నేలలో పాతుకోకుండా, కింది రాతితో ఏ సంబంధమూ లేకుండా ఒక పెద్ద ఇనుప ముద్ద ఒంటరిగా పడి ఉంది.

మెట్టిక్ చూసి ఊరుకున్నాడు. ఆయనకు కావలసింది గని, ఒంటి ముద్ద కాదు. మెద్వెదేవ్ మాత్రం వదల్లేదు. కొడితే అది మోగిన తీరు, గీకితే లోపల కనిపించిన తెలుపు, సుత్తి దెబ్బకు విరగకుండా సాగే గుణం చూసి, ఇందులో ఇనుముకన్నా విలువైనదేదో ఉందని అనుకున్నాడు. 42 పూడ్ల బరువు, అంటే దాదాపు 700 కిలోలు. దాన్ని 30 వెర్స్టుల దూరం, మన లెక్కలో 32 కిలోమీటర్లు, ఇంటికి లాక్కెళ్ళాడు. రోడ్డు లేని ఆ అడవి కొండల్లో ఎలా లాగి ఉంటాడో ఊహించుకోవాల్సిందే. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా అది ఆయన పెరట్లోనే ఉంది.

నా దృష్టిలో ఈ కథలో మొదటి పరిశోధకుడు ఆయనే. పరికరాలేమీ లేకుండా చెవితో, కంటితో, సుత్తితో ఇది మామూలు ఇనుము కాదని తేల్చాడు. దానికి కారణం ఏమిటో మాత్రం ఆయనకు తెలిసే వీల్లేదు.

దొరికింది కమ్మరికైతే పేరు పల్లాస్‌ది ఎందుకు పడింది?

పీటర్ సైమన్ పల్లాస్ దాని గురించి రాశాడు కాబట్టి. ఆయన బెర్లిన్‌లో పుట్టిన ప్రకృతి శాస్త్రవేత్త, రష్యా రాణి రెండో కేథరిన్ కొలువులో ఉండేవాడు. 1768 నుంచి 1774 దాకా రష్యా సామ్రాజ్యమంతా తిరిగి మొక్కలు, జంతువులు, ఖనిజాలు, జనం, అన్నిటి గురించీ రాసుకున్నాడు. ఆయన బృందంలోని ఒకరు మెద్వెదేవ్ ఇంట్లో ఈ ముద్దను చూసి ఒక ముక్క తెచ్చి చూపించారు. పల్లాస్ 1772లో దాన్ని క్రాస్నోయార్స్క్‌కు తెప్పించాడు. అక్కడి నుంచి 1777లో అది సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరింది. ముక్కలు ఐరోపా అంతటా శాస్త్రవేత్తలకు వెళ్ళాయి, దాంతో 'పల్లాస్ ఇనుము' అన్న పేరు స్థిరపడిపోయింది. 1860లలో గుస్తావ్ రోజ్ అనే జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త ఉల్కల్ని వర్గీకరిస్తూ ఈ రకానికంతటికీ పల్లసైట్ అని పేరు పెట్టాడు. జాబితాల్లో ఈ ఉల్క అసలు పేరు మాత్రం క్రాస్నోయార్స్క్. మెద్వెదేవ్ పేరు మీద ఏదీ లేదు.

ఇంకో సంగతి. ఇది ఆకాశం నుంచి పడిందని పల్లాస్ అనలేదు. మనుషులు కరగబోసింది కాదు, ప్రకృతి చేసిందే అన్నంతవరకే ఆయన వెళ్ళాడు.

అది పడుతుండగా ఎవరైనా చూశారా?

చూసినట్టు దాఖలా లేదు. అయితే ఆ ప్రాంతపు తాతార్లు దాన్ని ఆకాశం నుంచి పడ్డ పవిత్ర వస్తువుగా భావించేవారని పల్లాస్ రాశాడు. చదువుకున్నవాళ్ళు అప్పట్లో దాన్ని ఒక కథగానే తీసుకున్నారు. చివరికి కథే నిజమైంది.

పల్లసైట్లు పడుతుండగా చూసిన సందర్భాలు మొత్తం నాలుగే నమోదయ్యాయి: 1826లో సిసిలీలోని మినేయో, 1898లో జపాన్‌లోని జైషో, 1902లో అప్పటి ఫిన్లాండ్‌లో, ఇప్పటి రష్యాలో ఉన్న మర్యలాహ్తి, 1981లో రష్యా తూర్పు కొసన ఓమొలాన్. మిగతావన్నీ ఎప్పుడో పడి, ఎవరికో కాలికి తగిలినవే.

ఇవి ఎక్కువగా ఎడారుల్లో, పొలాల్లోనే ఎందుకు దొరుకుతాయి?

పడటం అన్నిచోట్లా పడతాయి. ఎడారిలో తుప్పు నెమ్మదిగా పడుతుంది, అడ్డు ఉండదు కాబట్టి కంటికి కనిపిస్తాయి. చిలీలోని అటకామా ఎడారిలో ఇమిలాక్ ఉల్క సంగతి 1822 నుంచీ తెలుసు. చైనాలోని షిన్‌జియాంగ్‌లో ఫూకాంగ్ ఉల్క 2000లో బయటపడింది, బరువు వెయ్యి కిలోలకు కాస్త పైన. పొలాల విషయం వేరు, అక్కడ నేలను ఎవరో ఒకరు తవ్వుతూ ఉంటారు. అర్జెంటీనాలోని ఎస్కెల్ దగ్గర 1951లో ఒక రైతు నీళ్ళ తొట్టి కోసం గొయ్యి తవ్వుతుంటే సుమారు 755 కిలోల ముద్ద తగిలింది.

నాకు బాగా నచ్చేది అమెరికాలోని కాన్సస్ రాష్ట్రపు బ్రెన్‌హామ్ ఉల్క కథ. అక్కడి పొలాల్లో మామూలుగా రాళ్ళే ఉండవు, నాగలికి తగిలేవి ఈ నల్లటి బరువైన ముద్దలే. ఎలైజా కింబర్లీ అనే రైతు భార్య చిన్నప్పుడు చూసిన ఉల్క గుర్తుండి, వీటిని ఏరి పెరట్లో కుప్ప పోసేది. చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. ఆమె ప్రొఫెసర్లకు ఉత్తరాలు రాస్తూనే ఉంది. చివరికి 1890లో ఒకాయన వచ్చి చూసి డబ్బిచ్చి కొనుక్కున్నాడు. అదే ప్రాంతంలో 2005లో కూడా సుమారు 650 కిలోల ముక్క ఒకటి భూమిలోంచి తీశారు.

సహారాలో వంద మీటర్ల పొడవున్న ఇనుప ఉల్క ఉందని విన్నాను. నిజమేనా?

కాదు. కానీ మంచి కథ. 1916లో గాస్తోన్ రిపేర్ అనే ఫ్రెంచ్ సైనికాధికారి మౌరిటానియాలోని షింగెట్టి ఊరి దగ్గర తనను ఒక పెద్ద ఇనుప కొండ దగ్గరికి తీసుకెళ్ళారని చెప్పి, దాని పైనుంచి తెచ్చానంటూ నాలుగున్నర కిలోల ముక్క చూపించాడు. ఆ ముక్క మాత్రం అచ్చమైన మీసోసిడరైట్! అందుకే చాలామంది ఏళ్ళ తరబడి ఆ కొండ కోసం వెతికారు. తెయొడోర్ మోనో అనే ఫ్రెంచ్ ప్రకృతి శాస్త్రవేత్త దశాబ్దాలపాటు వెతికి, రిపేర్ చూసింది మామూలు రాతి కొండే అయి ఉంటుందని తేల్చాడు. 2001లో ఆ ముక్కలో కాస్మిక్ కిరణాల (అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కణాల) వల్ల ఏర్పడ్డ ఐసోటోపుల్ని, అంటే ఒకే మూలకానికి ఉండే వేర్వేరు బరువుల రూపాల్ని, కొలిచారు. ఆ కిరణాలు పెద్ద ముద్ద లోపలికి ఎక్కువ లోతు వెళ్ళలేవు కాబట్టి, అసలు ముద్ద ఎంతదో లెక్క కట్టవచ్చు. వ్యాసార్థం 80 సెంటీమీటర్లు దాటదని తేలింది. కొండ కథ అక్కడితో ముగిసింది.

## ఆకాశం నుంచి వచ్చిందని తేల్చడం

ఇది భూమి మీద పుట్టింది కాదని మొదట ఎవరు చెప్పారు, ఏ ధైర్యంతో?

ఎర్న్‌స్ట్ క్లాద్‌నీ. ధ్వని మీద పరిశోధనలు చేసిన జర్మన్ శాస్త్రవేత్త. ఇసుక చల్లిన పలక అంచున ఫిడేలు కమాను లాగితే ఏర్పడే ఆకృతులు ఆయన పేరుతోనే ఉన్నాయి. 1794లో ఒక చిన్న పుస్తకం అచ్చువేసి, పల్లాస్ ఇనుము లాంటివి అంతరిక్షం నుంచి వచ్చాయనీ, ఆకాశంలో కనిపించే అగ్నిగోళాలు ఇవేననీ వాదించాడు.

ఆయన సైబీరియా వెళ్ళలేదు, వెళ్ళి ముద్దను చూడలేదు. ఇతరులు రాసినవి చదివి, ఒక్కొక్క అవకాశాన్నీ కొట్టేస్తూ వెళ్ళాడు. అగ్నిపర్వతం విసిరిందా? ఆ చుట్టుపక్కల అగ్నిపర్వతమే లేదు. పిడుగు పడి కరిగిందా? అంత లోహం కరిగించే పిడుగు ఏమిటి? పూర్వం ఎవరో కొలిమిలో కరగబోశారా? కొలిమి ఇనుము ఇంత మెత్తగా సాగుతూ, అదే సమయంలో జల్లెడలా చిల్లులతో, ఆ చిల్లుల నిండా పారదర్శకమైన గింజలతో ఉండదు. పైగా ఎక్కడో కొండ మీద, 700 కిలోల ముద్ద పోసి వదిలేసి పోవడం ఎవరి పని? నీళ్ళలో నానుతూ పెరిగిందా? ఇనుము నీళ్ళలో పెరగదు, తుప్పు పడుతుంది. ఇవన్నీ తీసేస్తే ఒకటే మిగిలింది.

శాస్త్రవేత్తలు వెంటనే ఒప్పుకున్నారా?

లేదు, చాలామంది ఎగతాళి చేశారు. కానీ కాలం క్లాద్‌నీ పక్షాన నిలిచింది. 1794లో ఇటలీలోని సియేనాలో, 1795లో ఇంగ్లండ్‌లోని వోల్డ్ కాటేజ్‌లో, 1798 డిసెంబరులో మన కాశీ దగ్గర రాళ్ళు పడ్డాయి. ఆ కాశీ రాయి లండన్ చేరి, 1802లో ఎడ్వర్డ్ హోవర్డ్ అనే రసాయన శాస్త్రవేత్త బల్ల మీదికి వచ్చింది. ఆయన పడ్డ రాళ్ళనూ, పల్లాస్ ఇనుముతో సహా కొన్ని ఇనుప ముద్దల్నీ పక్కపక్కన పెట్టి పరీక్షించాడు. రాళ్ళలోని లోహపు రేణువుల్లోనూ నికెల్ ఉంది, ఇనుప ముద్దల్లోనూ నికెల్ ఉంది. వేల మైళ్ళ దూరంలో దొరికిన వస్తువులకు ఒకే గుర్తు.

మరుసటి ఏడు, 1803 ఏప్రిల్‌లో, ఫ్రాన్స్‌లోని లేగ్ల్ ఊరి మీద పట్టపగలు మూడు వేల దాకా రాళ్ళు కురిశాయి. జాఁ-బాప్తిస్త్ బియో అనే భౌతిక శాస్త్రవేత్త వెళ్ళి సాక్షుల్ని విచారించి నివేదిక రాశాక వాదనలు సద్దుమణిగాయి. అందరూ లేగ్ల్‌నే మలుపు అంటారు. నాకైతే అంతకు ముందే హోవర్డ్ గిన్నెలో సగం తేలిపోయినట్టు అనిపిస్తుంది.

నికెల్ ఉంటే ఉల్క అయిపోతుందా?

నికెల్ లేకపోతే ఉల్క ఇనుము కాదని గట్టిగా చెప్పవచ్చు. ఉంటే మాత్రం ఇంకా చూడాలి. ఉల్కల లోహంలో నికెల్ మామూలుగా 5 శాతానికి తగ్గదు, పల్లసైట్లలో తరచుగా 8 నుంచి 12 శాతం దాకా ఉంటుంది. భూమి మీద ఖనిజం నుంచి తీసిన పాత ఇనుములో అంత ఉండదు. అయితే ఈ కాలపు స్టెయిన్‌లెస్ స్టీలులో 8 శాతం నికెల్ మామూలే కదా.

పెద్దవాళ్ళు కూడా పొరపడ్డారు. గ్రీన్‌లాండ్‌లోని డిస్కో దీవిలో 1870లో నార్డెన్‌షోల్డ్ అనే అన్వేషకుడు టన్నుల కొద్దీ బరువున్న ఇనుప ముద్దలు చూసి ఉల్కలనే అనుకున్నాడు. తర్వాత చూస్తే అది అక్కడి బసాల్ట్ (లావా గడ్డకట్టిన) రాతిలోనే పుట్టిన ఇనుము, భూమి సొంత సరుకు. ప్రపంచంలో అలాంటి చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

## కోసి చూస్తే

పల్లాస్ ఇనుములో ఏమేమి ఉన్నాయి?

ప్రధానంగా రెండే: ఇనుము-నికెల్ మిశ్రమలోహం, ఆలివిన్ గింజలు. ఆలివిన్ అంటే మెగ్నీషియం, ఇనుము, సిలికాన్, ఆక్సిజన్ కలిసిన ఖనిజం. ఇందులో మెగ్నీషియం వాటా చాలా ఎక్కువ. ఆ రెండు లోహాల అణువులు వంద ఉన్నాయనుకుంటే దాదాపు 88 మెగ్నీషియంవి, మిగతావి ఇనుమువి. వీటి మధ్య కొద్దికొద్దిగా మరికొన్ని కనిపిస్తాయి. ఇనుము, గంధకం కలిసిన ట్రాయిలైట్ కంచు రంగులో ఉంటుంది. ఇనుము, నికెల్, భాస్వరం కలిసిన ష్రైబర్‌సైట్ వెండిలా మెరుస్తూ పెళుసుగా ఉంటుంది. నల్లటి క్రోమైట్, కొన్ని ఫాస్ఫేట్ ఖనిజాలు కూడా ఉంటాయి.

శాతాలు అడిగేవాళ్ళకు ఒక జాగ్రత్త. ఘనపరిమాణంలో చెబుతున్నారో బరువులో చెబుతున్నారో ముందు కనుక్కోండి. లోహం సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.9 గ్రాముల దాకా ఉంటుంది, ఆలివిన్‌ది 3.3 చిల్లర. కోసిన పలక మీద రెండూ సరిసమానంగా కనిపించినా, బరువులో లోహం వాటా 70 శాతం అవుతుంది. దీన్ని గమనించకుండా రెండు చోట్ల చదివిన అంకెలు పొసగడం లేదని గాబరా పడేవాళ్ళు చాలామంది. పైగా పల్లసైట్ అంతటా పంపకం ఒకేలా ఉండదు. ఒక మూల ఆలివిన్ కిక్కిరిసి ఉంటే, ఇంకో మూల జానెడు మేర లోహమే ఉండొచ్చు.

ఆ పసుపు రంగు గింజలు గాజా, రత్నాలా?

గాజు కాదు, స్ఫటికాలు. నగల దుకాణంలో పెరిడాట్ అని అమ్మే రాయి కూడా ఆలివినే. కొన్ని పల్లసైట్ల నుంచి తీసిన గింజల్ని సానబట్టి నగల్లో పెట్టినవీ ఉన్నాయి, కానీ చాలా చిన్నవి. దెబ్బలకు లోపల పగుళ్ళు ఉంటాయి కాబట్టి పెద్ద రాయి రావడం కష్టం.

క్రాస్నోయార్స్క్ ఉల్కలో గింజలు గుండ్రంగా, కొన్ని మిల్లీమీటర్ల నుంచి సెంటీమీటరు దాకా ఉంటాయి. ఈగిల్ స్టేషన్ లాంటి ఉల్కల్లో విరిగిన పెంకుల్లా కోణాలతో ఉంటాయి. పలకను సన్నగా కోసి వెనక దీపం పెడితే వెలుతురు గింజల్లోంచి తేనె రంగులో దాటుతుంది, ఇనుము నల్లటి జాలీలా కనిపిస్తుంది. ఫోటోల్లో చూసే అందమంతా ఇదే. తెలియక కొనేవాళ్ళు నిరాశపడేది కూడా ఇక్కడే: కోయని ముద్ద బయటి నుంచి తుప్పుపట్టిన పాత ఇనుము లాగే ఉంటుంది. పై అంచుల్లోని గింజలు రాలిపోయి చిల్లులే మిగులుతాయి.

లోహం మీద ఆ గీతల డిజైన్ ఎవరు చెక్కారు?

ఎవరూ చెక్కలేదు, అది లోహం లోపలి అల్లిక. నునుపు చేసిన ముఖం మీద పలచని నైట్రిక్ ఆమ్లం పూస్తే పైకి తేలుతుంది. నికెల్ తక్కువున్న కామసైట్ త్వరగా కరుగుతుంది, నికెల్ ఎక్కువున్న టీనైట్ నిలబడుతుంది. ఆ ఎత్తుపల్లాలే పట్టీల్లా కనిపిస్తాయి.

వేడిగా ఉన్నప్పుడు లోహమంతా ఒకే స్ఫటికం. చల్లబడే కొద్దీ అందులోంచి కామసైట్ పలకలు నిర్దిష్టమైన దిశల్లో మొలుస్తాయి. అవి పెరగాలంటే నికెల్ అణువులు గట్టి లోహంలోంచే పక్కకు జరగాలి, దానికి విపరీతమైన సమయం కావాలి. పల్లసైట్ల లోహం పది లక్షల ఏళ్ళకు కొన్ని డిగ్రీల చొప్పున చల్లబడిందని లెక్క. ఏ కొలిమిలోనూ దీన్ని నకలు చేయలేం.

దీనికి విడ్‌మాన్‌స్టాటెన్ ఆకృతులు అని పేరు. ఆయన 1808లో వియన్నాలో చూశాడు. కానీ అంతకు ముందే 1804లో, నేపుల్స్‌లో స్థిరపడ్డ విలియం థామ్సన్ అనే ఇంగ్లీషాయన ఇదే పల్లాస్ ఇనుము ముక్కకు తుప్పు వదిలించబోయి ఆమ్లం పూసి, ఈ గీతలు చూసి అచ్చువేశాడు. కమ్మరి పేరు పల్లాస్‌కు పోయింది, థామ్సన్ పేరు విడ్‌మాన్‌స్టాటెన్‌కు పోయింది. ఈ ముద్దకు అదో అలవాటులా ఉంది.

మీసోసిడరైట్ కూడా రాతి-ఇనుప ఉల్కే కదా, తేడా ఏమిటి?

రాతి భాగం వేరు. పల్లసైట్‌లోది ఆలివిన్, గ్రహశకలం (సూర్యుడి చుట్టూ తిరిగే, ఉల్కలకు పుట్టిల్లైన చిన్న గ్రహం లాంటిది) లోతుల్లో పుట్టే ఖనిజం. మీసోసిడరైట్‌లోది ప్రధానంగా పైరాక్సిన్, ప్లేజియోక్లేజ్. అంటే లావా గడ్డకట్టిన పైపొర రాయి. పైపొర రాయి లోపలి లోహంతో ఎలా కలిసిందన్నది పెద్ద చిక్కుముడి. ఢీకొట్టడం వల్లేనన్న మాట మీద పెద్దగా తగాదా లేదు. ఎవరిని ఎవరు ఢీకొట్టారన్నదే ప్రశ్న. ఆక్సిజన్ ఐసోటోపుల పోలిక వల్ల వెస్టా అనే గ్రహశకలంతో వీటికి చుట్టరికం ఉందని కొందరి ప్రతిపాదన.

అమెరికాలోని అయోవాలో 1879 మే 10న పడ్డ ఎస్తర్‌విల్ ఉల్క, 1935లో అప్పటి బెంగాల్‌లో, ఇప్పటి బంగ్లాదేశ్‌లో పడ్డ పట్వార్ ఉల్క ఈ రకానివే.

సీమ్‌చాన్ ఉల్కను ఒకచోట ఇనుప ఉల్క అనీ, ఇంకోచోట పల్లసైట్ అనీ రాశారు. ఏది నిజం?

పల్లసైటే. 1967లో రష్యాలోని మగదాన్ ప్రాంతంలో, ఒక వాగులో 272 కిలోల ముద్ద, అదే ఏడు తర్వాత 51 కిలోల ముక్క దొరికాయి. కోసిన చోటల్లా లోహమే కనిపించింది కాబట్టి ఇనుప ఉల్క అని నమోదు చేశారు. 2004లో మళ్ళీ వెళ్ళి ఏరిన ముక్కల్లో ఆలివిన్ దండిగా ఉంది. దాదాపు నలభై ఏళ్ళు తప్పు పేరుతో ఉండిపోయింది.

## ఎలా పుట్టింది

రాయి తేలాలి, ఇనుము మునగాలి. మరి రెండూ కలిసి ఎలా గడ్డకట్టాయి?

అసలు ప్రశ్న ఇదే. పాత జవాబు ఇలా ఉండేది. ఒక గ్రహశకలం పూర్తిగా కరిగితే బరువైన ఇనుము నడిమధ్యకు దిగి కోర్ అవుతుంది, దాని చుట్టూ ఆలివిన్‌తో మాంటిల్ ఏర్పడుతుంది. ఈ రెండూ తాకే సరిహద్దులో గింజల మధ్యకు లోహం చొరబడి గడ్డకట్టిందే పల్లసైట్. వినడానికి బాగుంది, పుస్తకాల్లో ఇప్పటికీ బొమ్మతో సహా ఉంటుంది.

చిక్కు అయస్కాంతత్వం దగ్గర వచ్చింది. 2012లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ టార్డునో బృందం ఇమిలాక్, ఎస్కెల్ ఉల్కల ఆలివిన్ గింజల లోపల చిక్కుకున్న అతి సన్నని లోహపు రేణువుల్ని పరీక్షించింది. అవి చల్లబడేటప్పుడు చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రాన్ని పట్టి ఉంచాయి. అలాంటి క్షేత్రం పుట్టాలంటే ఆ గ్రహశకలం కోర్ ఇంకా ద్రవంగా ఉండి సుడులు తిరుగుతుండాలి. కోర్ కరిగి మరుగుతుంటే దాన్ని ఆనుకుని ఉన్న సరిహద్దు చల్లబడి అయస్కాంతాన్ని ఎలా రికార్డు చేస్తుంది? చేయలేదు. కాబట్టి కనీసం ఈ ఉల్కలు సరిహద్దులో కాదు, ఇంకా పైన, మాంటిల్‌లో తక్కువ లోతున గడ్డకట్టి ఉండాలి.

మరి అంత పైకి లోహం ఎలా వచ్చింది? వేరే గ్రహశకలం వచ్చి ఢీకొని, దాని కోర్‌లోని కరిగిన లోహం పగుళ్ళ వెంట మాంటిల్‌లోకి దూసుకుపోయిందని ఆ బృందం ప్రతిపాదన. అలా అయితే పల్లసైట్‌లోని రాయి ఒకరిది, ఇనుము మరొకరిది! గింజలు కొన్నిట్లో విరిగి కోణాలుగా, కొన్నిట్లో అరిగినట్టు గుండ్రంగా ఉండటం కూడా దీనికి సరిపోతుంది. విరిగినవి ఎక్కువ కాలం వేడిలో ఉంటే మూలలు మెల్లగా గుండ్రబడతాయి. అన్ని పల్లసైట్లకూ ఒకే కథ చెల్లుతుందా అన్న వాదన ఇంకా నడుస్తోంది.

అన్ని పల్లసైట్లూ ఒకే గ్రహశకలం ముక్కలేనా?

కావు. ఆక్సిజన్‌కు మూడు స్థిరమైన ఐసోటోపులు ఉన్నాయి. వాటి నిష్పత్తి ఒక్కో గ్రహశకలానికి ఒక్కోలా ఉంటుంది, ఇంటిపేరు లాంటిది అనుకోండి. క్రాస్నోయార్స్క్, బ్రెన్‌హామ్, ఎస్కెల్, ఇమిలాక్ లాంటి ఎక్కువ భాగం ఉల్కలు ప్రధాన సమూహంలోకి వస్తాయి. కెంటకీలో 1880లో దొరికిన ఈగిల్ స్టేషన్, దానితో పోలినవి కొన్ని వేరే ఇంటివి. ఈ రెండింటిలోనూ ఇమడనివి కూడా ఉన్నాయి. అంటే ఈ కలయిక సౌరకుటుంబంలో ఒక్కసారి జరిగిన వింత కాదు.

వయసెంత?

దాదాపు 450 కోట్ల ఏళ్ళు, సౌరకుటుంబం తొలినాళ్ళవి. నేల మీద పడి ఎన్నాళ్ళయిందన్నది వేరే లెక్క, రెండిటినీ కలపకండి.

## చేతికి వచ్చాక

నాకు దొరికిన బరువైన నల్లరాయి అయస్కాంతానికి అంటుకుంటోంది. పల్లసైటేనా?

చాలావరకు కాదు. అయస్కాంతానికి మాగ్నెటైట్ ఖనిజం అంటుకుంటుంది, కొలిమి చిట్టెం (లోహం కరిగించాక మిగిలే మడ్డి) అంటుకుంటుంది, పాత యంత్రాల ముక్కలూ అంటుకుంటాయి. ఎక్కువమంది తెచ్చి చూపించేది చిట్టెమే. అందులో గాజులాంటి భాగాలూ ఇనుప బొట్లూ ఉంటాయి కాబట్టి అనుమానం రావడం సహజం. గాలి బుడగల గుంతలు కనిపిస్తే చిట్టెమని అనుకోవచ్చు, పల్లసైట్ లోహంలో బుడగలు ఉండవు. పచ్చని ఆలివిన్ గుత్తులున్న బసాల్ట్ రాయి ఇంకో మోసగత్తె. గింజలు అసలైనవే, కానీ వాటి మధ్య లోహం ఉండదు.

ఒక మూల ఆకురాయితో రుద్ది చూడండి. లోపల వెండిలా మెరిసే లోహం ఒకదానికొకటి అంటుకుని వలలా ఉండి, మధ్యలో పసుపు లేదా ఆకుపచ్చ గింజలు ఉంటే అప్పుడు తీసుకెళ్ళి భూగర్భ శాస్త్రం తెలిసినవాళ్ళకు చూపించండి. ఒక మనవి: నిజంగా ఉల్క అనిపిస్తే బలమైన అయస్కాంతం పెట్టి పదే పదే రుద్దకండి. కోట్ల ఏళ్ళుగా లోపల దాగిన అయస్కాంత రికార్డు ఒక్క నిమిషంలో చెరిగిపోతుంది.

నికెల్ పరీక్ష ఇంట్లో చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. డైమిథైల్‌గ్లయాక్సిమ్ అనే రసాయనంతో చేస్తారు. శుభ్రం చేసిన లోహం మీద పలచని ఆమ్లంలో ముంచిన దూదితో రుద్ది, ఆ దూది మీద అమ్మోనియా, తర్వాత ఈ రసాయనం ఒక్కో చుక్క వేస్తే, నికెల్ ఉన్నప్పుడు గులాబీ రంగు తేలుతుంది. గాలి ఆడేచోట, చేతికి తొడుగులతో చేయండి. స్టెయిన్‌లెస్ స్టీలు కూడా ఇదే రంగు చూపించగలదు కాబట్టి గులాబీ రంగు రాగానే సంబరపడకండి. రంగు రాకపోతే మాత్రం ఆశ వదులుకోవచ్చు.

నా దగ్గరున్న పలక తుప్పు పడుతోంది. ఏం చేయాలి?

ముందు తేమ నుంచి తప్పించండి. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ సంచులతో పెట్టి, అవి తేమ పీల్చుకుంటే మార్చండి. నేలలో ఉన్నన్నాళ్ళూ లోపలికి ఇంకిన క్లోరైడ్లే (ఉప్పు లాంటి లవణాలే) తుప్పును ఆగనివ్వవు. పల్లసైట్లలో లోహానికీ ఆలివిన్‌కూ మధ్య ఉండే సన్నని సందులు వాటికి మంచి దారి. అందుకే ఎస్కెల్, ఇమిలాక్ ఏళ్ళ తరబడి నిలుస్తాయి, బెలారస్‌కు చెందిన బ్రాహిన్ మాత్రం తుప్పుకు పేరుమోసింది.

నీళ్ళతో కడగకండి. వేళ్ళ చెమట కూడా మచ్చలు తెస్తుంది. తుప్పు మొదలైతే సన్నటి ఎమెరీ కాగితంతో తుడిచి, శుద్ధమైన ఆల్కహాల్‌లో ముంచి, గోరువెచ్చగా ఆరబెట్టి, పైన పలచగా నూనె గానీ మైనం గానీ పట్టించండి. పూర్తిగా ఆగుతుందని మాట ఇవ్వలేను.

చేత్తో పట్టుకోవచ్చా? రేడియేషన్ ఉంటుందా?

నిర్భయంగా పట్టుకోండి. మామూలు రాళ్ళకు మించిన ప్రమాదం ఏమీ లేదు. పట్టుకున్నాక పలకనే తుడవాలి, మీ చేతినుంచి దానికే ముప్పు.

పల్లాస్ ఇనుము ఇప్పుడు ఎక్కడుంది?

ప్రధాన భాగం, 500 కిలోల పైచిలుకు, మాస్కోలో రష్యన్ సైన్సెస్ అకాడమీ సేకరణలో ఉంది. మిగతాది ముక్కలుగా అనేక దేశాల మ్యూజియాలకు చేరింది. దొరికిన కొండ మీద 1980లో ఒక స్మారక చిహ్నం పెట్టారు.